రాత్రిపూట కాళ్ళు ఎందుకు ఎగిరిపడతాయి?

పగలంతా పని. నాట్లు, కలుపు, వంట, పశువులు, పిల్లలు. రాత్రి ఒళ్ళు వాలిస్తే చాలు, చాలామందికి నిద్ర ముంచుకొస్తుంది. కొందరు ఆడవాళ్ళకు మాత్రం అలా కాదు. పడుకోగానే అరికాళ్ళు మండుతాయి. పిక్కల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. కాస్త కన్ను మూతపడేసరికి కాలు దానంతట అదే ఎగిరిపడుతుంది. మెలకువ వస్తుంది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అదే. తెల్లారేదాకా ఇదే తంతు.

ఈ బాధ బయటికి కనిపించదు. పుండు లేదు. వాపు లేదు. జ్వరం లేదు. అందుకే ఇంట్లోవాళ్ళు నమ్మరు. "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అంటారు. "కాళ్ళు ఆడిస్తే ఇంటికి దరిద్రం" అని పెద్దవాళ్ళు కసురుకుంటారు. కొన్నిచోట్ల "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు. డబ్బు ఖర్చవుతుంది. బాధ తగ్గదు.

ఇది వేషం కాదు. గాలీ కాదు, ధూళీ కాదు. పడుకోగానే కాళ్ళు కుదురుగా ఉండని ఈ బాధ గురించి థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు డాక్టరు 1672లోనే రాశాడు. 1945లో స్వీడన్ దేశపు డాక్టరు ఎక్‌బోమ్ దాన్ని వివరంగా చెప్పి, ఒక పేరు పెట్టాడు. అంటే ఇది పేరున్న జబ్బు. దీనికి కారణాలున్నాయి. తగ్గించుకునే దారులూ ఉన్నాయి.

నరం అంటే ఏమిటి?

నరం అనే మాటను మనం రెండింటికి వాడతాం. ముంజేతి మీద ఉబ్బి కనిపించేదాన్ని నరం అంటాం. సూది వేసేటప్పుడు "నరం దొరకలేదు" అంటారు. నిజానికి అది రక్తం పారే గొట్టం. దాని పేరు రక్తనాళం.

అసలు నరం వేరు. అది పైకి కనిపించదు. అది కరెంటు తీగ లాంటిది. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురును మెదడుకు చేరవేసేది నరమే. "కాలు వెనక్కి తియ్యి" అనే ఆజ్ఞను మెదడు నుంచి కాలికి తెచ్చేదీ నరమే.

కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఉంటుంది. తొడుగు చిరిగితే ఏమవుతుంది? బల్బు మిణుకు మిణుకు మంటుంది. మెరుపులు వస్తాయి. నరం మీద కూడా ఒక పొర ఉంటుంది. నరమో దాని పొరో దెబ్బతింటే లేనిపోని కబుర్లు పోతాయి. నిప్పు లేకపోయినా మంట పుడుతుంది. ముల్లు లేకపోయినా గుచ్చినట్టు ఉంటుంది. కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి దూసుకుపోతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఇదే నరాల నొప్పి.

నడుము నుంచి కాలివేళ్ళ దాకా పోయే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడుగు. అందుకే షుగరు జబ్బులో ముందుగా కాలివేళ్ళ దగ్గర తిమ్మిరి మొదలవుతుంది. తర్వాత మెల్లగా పైకి పాకుతుంది.

నరాలు ఎందుకు దెబ్బతింటాయి?

షుగరు జబ్బు పెద్ద కారణం. పరగడుపున చేసిన రక్తపరీక్షలో షుగరు 126 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే షుగరు జబ్బని అనుమానించాలి. ఇంకోసారి పరీక్ష చేసి నిర్ధారిస్తారు. షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే నరాలు పాడవుతాయి.

ఇంకా కారణాలున్నాయి. వెన్నుపూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కితే నొప్పి తుంటి నుంచి కాల్లోకి దిగుతుంది. సర్పి లేచి మానిన తర్వాత కూడా కొందరికి ఆ చోట నెలల తరబడి మంట ఉంటుంది. బి12 అనే విటమిన్ తక్కువైతే నరాలు చెడతాయి. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్ళకు ఇది ఎక్కువ. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకూ బి12 తగ్గవచ్చు. కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. సారా కూడా అంతే. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మందు వల్ల తిమ్మిర్లు రావచ్చు. అవి రాకుండా బి6 విటమిన్ మాత్ర ఇస్తారు. క్షయ మందులు మాత్రం సొంతంగా మానకూడదు.

రాత్రే ఎందుకు ఎక్కువ?

పగలు మనసు పనిమీద ఉంటుంది. చుట్టూ మాటలు, చప్పుళ్ళు ఉంటాయి. అందువల్ల నొప్పి కొంత మరుగున పడుతుంది. రాత్రి అంతా సద్దుమణుగుతుంది. అప్పుడు నొప్పి ఒక్కటే వినిపిస్తుంది.

నొప్పి వల్ల నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే ఓర్పు తగ్గుతుంది. మర్నాడు అదే నొప్పి రెండింతలుగా తోస్తుంది. ఆ దిగులుతో రాత్రి మళ్ళీ నిద్ర రాదు. గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట దీన్ని ఆపాలి.

నిద్ర లేకపోతే నష్టం చిన్నది కాదు. కొడవలి పట్టిన చెయ్యి తప్పుతుంది. పొయ్యి దగ్గర తూగు వస్తుంది. షుగరు అదుపు తప్పుతుంది. కోపం, ఏడుపు పెరుగుతాయి.

ఎగిరిపడడాల్లో రకాలు

అన్ని అదురులూ ఒకటి కావు. ఏది ఏదో తెలిస్తే సగం భయం పోతుంది.

మొదటిది, నిద్రలోకి జారే ముందు వచ్చే ఉలికిపాటు. గోతిలో పడినట్టు ఒళ్ళంతా ఒక్కసారి తుళ్ళిపడుతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. బాగా అలసినా, సాయంత్రం టీ, కాఫీ ఎక్కువైనా, మనసు బాగోలేకపోయినా ఎక్కువగా వస్తుంది. ప్రమాదం లేదు.

రెండవది, కుదురులేని కాళ్ళ జబ్బు. పొద్దువాలిన తర్వాత మొదలవుతుంది. కూర్చున్నా, పడుకున్నా కాళ్ళలో చెప్పలేని చిరాకు. కదపకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుంది. పడుకుంటే మళ్ళీ వస్తుంది. ఒంట్లో ఇనుము తక్కువైన వాళ్ళకు ఇది ఎక్కువ. గర్భిణులకు చివరి నెలల్లో వస్తుంది. చాలామందికి కాన్పయ్యాక తగ్గిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకూ, నరాలు దెబ్బతిన్నవాళ్ళకూ రావచ్చు.

మూడవది, నిద్రలో కాళ్ళు విదిలించడం. దాదాపు 20 నుంచి 40 సెకన్లకు ఒకసారి పాదం పైకి లేస్తుంది. మోకాలు ముడుచుకుంటుంది. పడుకున్న మనిషికి తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది. పొద్దున లేచాక మాత్రం నిద్ర చాలనట్టు ఉంటుంది.

నాలుగవది, నొప్పి వల్ల వచ్చే అదురు. నరంలో షాకు కొట్టినట్టు నొప్పి రాగానే కాలు ముడుచుకుంటుంది. నిప్పు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టే ఇది.

ఐదవది, మందుల వల్ల వచ్చే అదురు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మందులు కొందరికి ఇలా చేస్తాయి. మూత్రపిండాలు సరిగా పనిచేయని వాళ్ళకు ఇది ఎక్కువ. ట్రామడాల్ అనే నొప్పి మందూ ఇలా చేయవచ్చు. అమిట్రిప్టిలిన్, నిద్ర తెప్పించే జలుబు మాత్రలు కుదురులేని కాళ్ళ బాధను కొందరిలో పెంచుతాయి.

పిక్క పట్టేయడం వీటికి వేరు. అందులో పిక్క రాయిలా గట్టిపడుతుంది. పాదాన్ని మోకాలి వైపు మెల్లగా లాగి పట్టుకుంటే సడలుతుంది.

మూర్ఛ కూడా వేరు. మూర్ఛలో చాలాసార్లు స్పృహ తప్పుతుంది. నాలుక కరుచుకోవచ్చు. తెలియకుండా మూత్రం పోవచ్చు. అలాంటిది కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

పలక, పుస్తకం ఇక్కడా పనికొస్తాయి

డాక్టరు దగ్గరికి పోతే "ఎప్పటినుంచి? ఎన్నిసార్లు? ఏం మందులు వాడుతున్నావు?" అని అడుగుతారు. ఆ కంగారులో చాలామందికి ఏమీ గుర్తుకు రాదు. "ఒళ్ళంతా నొప్పులు సార్" అని చెప్పి వచ్చేస్తారు. డాక్టరు నొప్పి బిళ్ళ రాసి పంపేస్తారు. అసలు సంగతి మిగిలిపోతుంది.

చదువు నేర్చుకున్న వాళ్ళకు ఈ ఇబ్బంది ఉండనక్కర్లేదు. ఒక చిన్న నోటు పుస్తకం చాలు. రోజుకు నాలుగు ముక్కలు రాస్తే చాలు. రెండు వారాలు రాయాలి. ఇలా రాయవచ్చు:

తేదీ: 5. పడుకున్నది 9 గంటలకు. లేచింది 3 సార్లు. కుడికాలు అదిరింది. సాయంత్రం 6 గంటలకు టీ తాగాను.

తేదీ: 6. పడుకున్నది 9 గంటలకు. లేచింది 1 సారి. సాయంత్రం టీ తాగలేదు.

తేదీ: 7. నాట్లకు పోయాను. మంట ఎక్కువ. లేచింది 4 సార్లు. కొత్త మాత్ర మొదలు.

మందుల అట్టల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. మందుల షాపులో అడిగి ఆ పేర్లు తెలుగులో రాయించుకోవాలి. ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో పక్కనే రాసుకోవాలి.

ఇలాంటి పుస్తకం ఎంత మేలు చేస్తుందో ఈ ఉదాహరణ చూడండి. ఒక అత్తకు ఎనిమిదేళ్ళుగా షుగరు. రాత్రిళ్ళు కాళ్ళు మంట, అదురు. ఒకనాడు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, ఎలా ఉన్నావు?"

"ఏం చెప్పను తల్లీ! కాళ్ళ మంట కాస్త తగ్గింది. కానీ రాత్రిళ్ళు చేతులు కూడా ఎగిరిపడుతున్నాయి. నిన్న అన్నం తినేటప్పుడు గ్లాసు జారిపోయింది."

కోడలు కల్పించుకుంది. "అత్తా, నువ్వు రాసిన పుస్తకం చూపించు."

ఆశా కార్యకర్త పుస్తకం చదివింది. "పెద్దమ్మా, చేతులు అదరడం 12వ తేదీన మొదలైంది. 9వ తేదీన మాత్ర ఒకటికి రెండు చేశారని నువ్వే రాశావు. చూశావా?"

"అవునే! నాకు తట్టనే లేదు. అయితే రేపటినుంచి ఆ మాత్ర మానేస్తా."

"వద్దు వద్దు. ఉన్నట్టుండి మానితే ఇంకో బాధ వస్తుంది. ఇవాళే డాక్టరు దగ్గరికి పోదాం. ఈ పుస్తకం పట్టుకురా."

డాక్టరు పుస్తకం చూశారు. మూత్రపిండాల పరీక్ష చేయించారు. అవి కొంచెం మందగించాయని తేలింది. మందు మోతాదు తగ్గించారు. వారంలో చేతుల అదురు తగ్గింది. అత్త చేత్తో రాసిన రెండు ముక్కలు అసలు కారణాన్ని చూపించాయి.

ఏ పరీక్షలు అడగాలి?

రక్తంలో షుగరు, హిమోగ్లోబిన్, మూత్రపిండాల పరీక్ష, బి12. ఇవి ముఖ్యం. గర్భం లేని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణులకు 11 ఉండాలి.

హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ తక్కువ ఉండవచ్చు. దాన్ని చూపే పరీక్ష పేరు ఫెరిటిన్. కుదురులేని కాళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో ఫెరిటిన్ 75 గాని, ఇంకా తక్కువ గాని ఉంటే డాక్టర్లు ఐరన్ ఇవ్వాలా అని చూస్తారు. ఐరన్ మాత్ర వేసుకున్నప్పుడు విరేచనం నల్లగా కావచ్చు. దానికి భయపడనక్కర్లేదు. మాత్ర వేసుకునే వేళకు టీ తాగకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తోటకూర, పప్పులు, చేపలు, కాలేయం తినాలి. వాటితోపాటు నిమ్మకాయ, ఉసిరి, జామ తింటే ఇనుము బాగా పడుతుంది.

మందుల సంగతి

మామూలు నొప్పి బిళ్ళలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు. డైక్లోఫినాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. "నరాల బలానికి సూది" అని ఊళ్ళో ఎవరో వేస్తే వేయించుకోకూడదు. బి12 తక్కువ ఉన్నవాళ్ళకే బి12 సూది మేలు చేస్తుంది.

నరాల నొప్పికి వేరే మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అలాంటివి. ఇవి ఒక్కరోజులో పనిచేయవు. కొన్ని వారాలు పడుతుంది. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. సగం తగ్గినా నిద్ర పడుతుంది. మొదట్లో మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది. రాత్రి లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవాలి. పక్కింటివాళ్ళ మాత్రలు వాడకూడదు. సొంతంగా పెంచకూడదు. ఒక్కసారిగా మానకూడదు.

ఇంట్లో చేసుకోదగినవి

సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానాలి. చుట్ట, పొగాకు, కల్లు, సారా నిద్రను చెడగొడతాయి. రోజూ ఒకే వేళకు పడుకోవాలి. ఒకే వేళకు లేవాలి.

పడుకునే ముందు పిక్కలు సాగదీయాలి. గోడకు ఎదురుగా నిలబడి రెండు అరచేతులు గోడకు ఆనించాలి. ఒక కాలు వెనక్కి పెట్టాలి. మడమ నేలకు ఆనాలి. మోకాలు వంచకుండా ముందుకు వాలాలి. 20 లెక్కపెట్టాలి. రెండో కాలితోనూ అలాగే. ఇలా మూడుసార్లు.

గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే హాయిగా ఉంటుంది. కానీ ఒక జాగ్రత్త. తిమ్మిరి పట్టిన కాలికి వేడి తెలియదు. కాలు పెట్టే ముందు నీళ్ళను మోచేత్తో చూడాలి. కాల్చిన ఇటుకతో, వేడి గుడ్డతో కాపడం పెట్టకూడదు. కాలు బొబ్బలెక్కినా తెలియదు. ఆ పుండు మానక కాలే పోయే ప్రమాదముంది.

పిక్కలకు గుడ్డ బిగించి కట్టే అలవాటు కొందరికి ఉంది. గట్టిగా కడితే రక్తం ఆడదు. కట్టకూడదు. మెల్లగా నూనె రాసి నిమరవచ్చు. వేళ్ళ సందుల్లో నూనె మిగలకూడదు. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. కనపడకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి.

దుప్పటి తగిలితే మంట పుట్టేవాళ్ళు కాళ్ళ దగ్గర దుప్పటిని ఎత్తి పెట్టుకోవాలి. ఒక అట్టపెట్టెను పక్కకు పెట్టి, కాళ్ళు అందులో ఉంచి, దుప్పటి దాని మీద కప్పవచ్చు. దీపం, నీళ్ళ చెంబు కాలికి తగలనంత దూరంలో పెట్టాలి. కాళ్ళు బాగా విదిలించేవాళ్ళు పసిపిల్లను పక్కలో వేసుకోకూడదు. పిల్లకు వేరే పక్క వేయాలి.

అదురు వచ్చినప్పుడు దానితో పోట్లాడకూడదు. బిగబట్టితే ఇంకా పెరుగుతుంది. లేచి పదడుగులు వేయాలి. పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. మెల్లగా ఊపిరి పీల్చి, అంతకన్నా మెల్లగా వదలాలి. నిద్ర రాకపోతే పక్కమీద పొర్లుతూ ఉండకూడదు. కాసేపు కూర్చుని, కళ్ళు బరువెక్కాక పడుకోవాలి.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

ముందు నమ్మాలి. నిద్రలో కాళ్ళు ఎలా కదులుతున్నాయో చూసి డాక్టరుకు చెప్పగలిగేది పక్కన పడుకున్నవాళ్ళే. రాత్రి నిద్రలేని మనిషికి తెల్లవారుజామున పాలు పిండడం, నీళ్ళు మోయడం తప్పించాలి. ఆ పని మగవాళ్ళు చేయవచ్చు. కాలు తగిలిందని తిట్టకూడదు. ఆమె కావాలని తన్నలేదు.

ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే మనసు కుంగుతుంది. "ఇక బతుకెందుకు" అనిపిస్తే మనసులో దాచుకోకూడదు. టెలి మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

కాలు ఉన్నట్టుండి చచ్చుబడడం. మలమూత్రాలు ఆపుకోలేకపోవడం, లేదా రాకపోవడం. కూర్చునే చోట స్పర్శ పోవడం. అదురుతో స్పృహ తప్పడం. అదురుతోపాటు మాట తికమక పడడం. ఒక్క కాలే వాచి వేడిగా ఉండి నొప్పి పెట్టడం. పాదం మీద పుండు పడడం, నల్లబడడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

గుర్తుంచుకుందాం

నరాల నొప్పి, రాత్రి అదురు నిజమైన జబ్బులు. దాచుకోకూడదు.
షుగరు, ఇనుము, బి12, మూత్రపిండాలు పరీక్ష చేయించుకోవాలి.
మందు సొంతంగా పెంచకూడదు, మానకూడదు.
తిమ్మిరి కాలికి వేడి కాపడం వద్దు.
రెండు వారాలు పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించాలి.

ఆలోచించండి, చెప్పండి

1. రక్తనాళానికీ నరానికీ తేడా ఏమిటి?
2. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు టీ ఎందుకు తాగకూడదు?
3. అత్త రాసిన పుస్తకంలో ఏ రెండు తేదీలు పనికొచ్చాయి? ఎందుకు?
4. మీ ఇంట్లో, మీ వీధిలో రాత్రి నిద్రపట్టని ఆడవాళ్ళు ఉన్నారా? ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి.